అంపైర్ జేబులోని లైట్ మీటర్ గారికి

మహారాజశ్రీ లైట్ మీటర్ గారి సముఖానికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ జేబులో మీరూ వెచ్చగా, క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఉభయకుశలోపరి.

నిన్న సాయంత్రం నాలుగూ పదికి, ఆటకి వెలుతురు చాలుతుందో లేదో కొలిచి చెప్పడానికి తమరు అంపైర్ గారి జేబులోంచి తల బయటపెట్టారు. అప్పటికి మా కౌంటీ, అంటే ఇంగ్లండ్‌లో మా అబ్బాయి ఉండే జిల్లా జట్టు, గెలవడానికి 37 పరుగులు కావాలి. చేతిలో 2 వికెట్లు. నాలుగు రోజుల మ్యాచ్‌లో నాలుగో రోజు, సీజన్‌కే ఆఖరి మ్యాచ్. మంగళవారం నాకు ఫ్లైటు. తమరు ఏదో అంకె చూపించారు. అంపైర్లిద్దరూ పెళ్ళిసంబంధం మాట్లాడుకుంటున్నట్టు తలలు దగ్గర పెట్టుకుని, స్టంపుల మీది బెయిల్స్ తీసేసి లోపలికి నడిచారు.

ఆ నిమిషాన నేనేం చేస్తున్నానో మనవి చేసుకుంటాను. టెన్షన్‌లో బీపీ మాత్ర సంగతి గుర్తొచ్చి స్ట్రిప్ తీశాను. గుంటూరులో కొన్నది. వెండి రేకు మీద, రంగు కూడా లేకుండా నొక్కి అచ్చేసిన ఎక్స్‌పయిరీ తేదీ ఉంటుందే, అది చదివాను. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయిన వాణ్ణి, కళ్ళజోడు నుదుటి మీద ఉండగా చదివాను. బ్యాట్ పట్టిన పాతికేళ్ళ కుర్రాడికి మాత్రం గుప్పెడంత ఎర్ర బంతి కనపడదని తమరు తేల్చేశారు. పైగా చుట్టూ ఫ్లడ్‌లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఎవరి కోసం, పావురాల కోసమా?

నా గురించి రెండు ముక్కలు. కరెంటు డిపార్ట్‌మెంటులో 34 ఏళ్ళు చేశాను. అందులో ఎక్కువ భాగం మీ జాతితోనే గడిచింది. చక్రం తిరిగే మీటర్లు, చక్రం ఆగిపోయిన మీటర్లు, లోపల బల్లి కాపురం పెట్టిన మీటర్లు, అన్నీ చూశాను. కాబట్టి మీటరు ముందు బెదిరే రకం కాదు నేను.

అందుకే అడుగుతున్నాను. రెండో రోజు సాయంత్రం ఐదున్నరకి వెలుతురు చాలదని ఒకసారి లోపలికి వెళ్ళారు కదా. అప్పుడు తమరు చూపించిన అంకే ఇక మ్యాచ్ అంతటికీ కొలబద్ద అయి కూర్చుంది. మళ్ళీ ఆ అంకె దగ్గరికి వస్తే ఆట ఆపడమే. మేమూ ఇంటికి తాళం ఉంటే 'డోర్ లాక్' అని రాసి పాత లెక్కన సగటు బిల్లు వేసేవాళ్ళం. కానీ తలుపు తెరిచాక మళ్ళీ చూసేవాళ్ళం స్వామీ! ఇదివరకు వెలుతురు తగ్గితే ఆడతారా, మానతారా అని బ్యాటర్లనైనా అడిగేవారు. 2010 నుంచి అదీ పోయింది. అంతా అంపైర్ల ఇష్టం, అంటే తమరి ఇష్టం.

పక్క కుర్చీలో కూర్చునే తెల్లాయన నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన 1971 సంగతి చెబుతుంటాడు. ఒక్కరోజు ఆటల పోటీ జిలెట్ కప్ సెమీఫైనల్, మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో లాంకషైర్, గ్లాస్టర్‌షైర్ కౌంటీలు ఆడుతున్నాయి. వాన వల్ల ఆలస్యమై రాత్రి తొమ్మిది కావస్తోంది. పక్కనున్న రైల్వేస్టేషన్‌లో దీపాలు వెలిగాయి. బొత్తిగా కనపడట్లేదని లాంకషైర్ కెప్టెన్ జాక్ బాండ్ మొత్తుకుంటే, అంపైర్ ఆర్థర్ జెప్సన్ చందమామను చూపించి, 'అది కనపడుతోందిగా, ఇంకెంత దూరం చూస్తావు' అన్నాడట. ఆ చీకట్లోనే డేవిడ్ హ్యూస్ ఒక్క ఓవర్లో 24 కొట్టాడు, లాంకషైర్ గెలిచింది. చంద్రుడి దాకా చూసిన ఆ దేశంలోనే, సాయంత్రం నాలుగింటికి 22 గజాల పిచ్ కనపడదంటున్నారు తమరు.

వాన ఆపితే నేనేమీ అనను. వాన కంటికి కనపడుతుంది, నెత్తిమీద పడుతుంది. 1975లో బక్స్‌టన్‌లో జూన్ 2న మంచు కురిసి ఆట ఆగింది, దానికీ దణ్ణం పెడతాను. డెర్బీలో సాయంత్రపు ఎండ బ్యాటర్ కళ్ళలో పడుతోందని కూడా ఆపేవారట! ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే, కొత్త కోడలి వంటలో ఉప్పులాగా. ఆగస్టులో నిండు ఎండ ఉన్నప్పుడు 'ది హండ్రెడ్' అనే ఆ వంద బంతుల తిరునాళ్ళకి గ్రౌండ్లు అప్పజెప్పి, నాలుగు రోజుల ఆటను ఏప్రిల్ చలికీ సెప్టెంబర్ మబ్బుకీ తోసేసిన మహానుభావులకు వేరే ఉత్తరం రాస్తాను. టీ ధర గురించి రాయను. రూపాయల్లోకి మార్చి చూడటం మానేశాకే తాగగలుగుతున్నాను.

ఇంత తిట్టేవాడు ఎందుకు వెళ్ళాలి అంటారు. మా ఆవిడా అదే అంది.

నా విజిటర్ వీసా ఒక్కసారికి ఆరు నెలలు. కౌంటీ సీజన్ కూడా ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆరు నెలలే. ఇది దైవనిర్ణయం కాక మరేమిటి? పొద్దున్నే మా అబ్బాయి నన్ను గేటు దగ్గర దింపి, 'టిఫిన్ డబ్బా తీసుకున్నావా నాన్నా, ఆరింటికి వస్తా, ఇక్కడే నిలబడు' అంటాడు. ఒకప్పుడు వాణ్ణి బడి దగ్గర దింపి నేను చెప్పిన మాటలే. లోపల మా బోటివాళ్ళు రెండు మూడు వందల మంది ఉంటారేమో. డీజే లేదు, అరుపులు లేవు. బ్యాటర్ వెనక స్లిప్‌లో నిలబడ్డ ఫీల్డర్లు అనుకునే మాటలు కూడా వినిపిస్తాయి. పులిహోర డబ్బా మూత తీస్తే ఇంగువ వాసనకి ముందు వరసలో రెండు తలలు వెనక్కి తిరుగుతాయి.

లంచ్‌లో మైదానంలోకి రానిస్తారు. చిన్నప్పుడు ట్రాన్సిస్టర్ దిండు కింద పెట్టుకుని విన్నాను, తరవాత స్టేడియంలో ఇనుప కంచె వెనక, పోలీసు లాఠీ చూస్తూ నిలబడ్డాను. 67 ఏళ్ళకి మొదటిసారి ఇక్కడ అవుట్‌ఫీల్డ్ గడ్డి మీద అడుగుపెట్టాను. చెప్పులు విప్పాను. ఎందుకు విప్పానో ఎవరూ అడగలేదు. తాడు కట్టిన చోట ఆగి పిచ్ చూశాను. లేత ఎండుగడ్డి రంగు, బౌలర్ల కాళ్ళు పడి లేచిన గరుకు మట్టి.

పక్క కుర్చీ పెద్దాయనకి నేను తెలుగువాణ్ణని తెలియగానే 'హైదరాబాదా? అజహర్!' అన్నాడు. గుంటూరు అని రెండుసార్లు చెప్పి వదిలేశాను. 1991లో అజహరుద్దీన్ డెర్బీషైర్‌కి రెండు వేల పైచిలుకు పరుగులు చేసిన సీజన్ ఈయన చూశాడట. మడిచిన గొడుగుతో ఆ మణికట్టు తిప్పుడు చేసి చూపించాడు. గొడుగు బాగానే తిరిగింది, మణికట్టే అజహర్‌ది కాదు.

నిన్న ఆయనా నేనూ ఆ మబ్బు కింద కూర్చున్నాం. ఐదు గంటలకి కెప్టెన్లు చేతులు కలిపారు. డ్రా. జనం కుర్చీలు మడుచుకుని వెళ్ళిపోయారు. ఐదూ నలభైకి మబ్బు చీలి, పెవిలియన్ అద్దాల మీద ఎండ ఎలా కొట్టిందంటే నేను చెయ్యి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. ఫ్లడ్‌లైటు స్తంభాల నీడలు పిచ్ దాకా సాగాయి.

ఏమయ్యా, ఇప్పుడు బయటికి రావేం? ఇప్పుడు చూపించు నీ అంకె! ఆరు నెలలు చలిలో, రెండు స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నాను. 37 పరుగులు. అవి వస్తాయో, ఆ 2 వికెట్లు పోతాయో చూసి వెళ్ళిపోయేవాణ్ణి. ఓడినా ఏమీ అనకపోదును. చేతి సంచంత కూడా లేని నీ ఒంట్లో ఒక సూది కదిలిందో, అంకె మారిందో, నా ప్రయాణం పాడుచేశావు కదయ్యా.

పెద్దాయన లేస్తూ, 'ఏప్రిల్‌లో?' అన్నాడు. అంతే అన్నాడు.

రెండేళ్ళ వీసాలో ఇంకా ఏడాది ఉంది. వస్తాను. మా డిపార్ట్‌మెంటులో వినియోగదారుడికి మీటరు మీద అనుమానం వస్తే దరఖాస్తు పెట్టుకుంటాడు. పాత మీటరు పక్కనే చెక్ మీటరు బిగించి కొన్నాళ్ళు రెండింటి రీడింగులూ పోల్చి చూస్తాం. దీన్నే నా దరఖాస్తుగా భావించగలరు. మా మనవడు ఫోన్‌లో ఏదో లైట్ మీటర్ యాప్ వేసి పెట్టాడు. బీపీ మాత్రల స్ట్రిప్ ఎలాగూ ఉంటుంది.

ఇట్లు,
తమ శాఖలోనే తల నెరిసిన,
ఒక వినియోగదారుడు