మా డైరెక్టరు గారి రబ్బరు స్టాంపు గారికి ఒక విన్నపం

అమలాపురం,
సోమవారం.

మహారాజశ్రీ రబ్బరు స్టాంపు గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరి కింద కొత్తగా కొలువుకు కుదిరిన డైరెక్టరు రాసుకొను విన్నపము.

నెలా పదిహేను రోజుల క్రితం, నాకు ముందు ఈ పదవిలో ఉన్న పెద్దాయన తమరిని చేతిరుమాలులో చుట్టి, బీరువా తాళాల గుత్తితో పాటు నా చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా, నేను లేకపోయినా ఆఫీసు నడుస్తుంది గాని ఇది లేకపోతే నడవదు" అని చెప్పి, హైదరాబాదులో ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళిపోయారు. ఆయన ఏదో సరదాగా అన్నారనుకుని నవ్వాను. పలుకుబడి లేని పెద్దమనిషిని రబ్బరు స్టాంపు అని వెక్కిరించడం మన పత్రికలకు అలవాటు. ఆ రాసేవాళ్ళెవరూ ఒక చిన్న ఆరోగ్య సంస్థలో తమరి కింద పనిచేసి ఉండరు. తమరి మీద హోదా ఉంది గాని పేరు లేదు. ముగ్గురు డైరెక్టర్లను సాగనంపిన తమరు నాలుగో మనిషి కోసం ఒక్క అక్షరమైనా మార్చుకోనక్కరలేకపోయింది.

పదహారేళ్ళు నేను ఈ సంస్థలోనే నర్సమ్మను. బోదకాలు పురుగు పిల్లలు నెత్తురులో రాత్రి వేళే తిరుగుతాయి కనుక, రాత్రి పది దాటాక టార్చిలైటు పట్టుకుని మురుగుకాలవ గట్ల వెంట ఇల్లిల్లూ తిరిగి, నిద్రలో ఉన్నవాళ్ళను లేపి, వాళ్ళ తిట్లు తిని, వేలి కొస నుంచి గాజుపలక మీదకు నెత్తురు తీసిన మనిషిని. తరువాతి కాలంలో పని రక్తపోటు మీదకు మళ్ళింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్ళ చావులను లెక్కగట్టి 2006లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో, దాదాపు మూడోవంతు చావులకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. ఆవకాయ జాడీ, ఎండుచేపల బుట్ట ఉన్న ఇంట్లో ఆ లెక్కను ఎలా చెప్పాలో నాకు తెలుసు. అందుకే కాబోలు, పాలకవర్గం వారు నన్ను అక్కడి నుంచి లేపి తమరి పక్కన కూర్చోబెట్టారు.

మొదటి విశేషం జీతం దగ్గర ఎదురైంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, వచ్చిన విరాళంలో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంతకు ముందు 50 శాతం దాకా చెల్లేది. ఊళ్ళలో చేయి పట్టుకుని బీపీ చూసినంత కాలం నా జీతం కార్యక్రమం ఖర్చు. తమరిని పట్టుకున్న రోజు నుంచి అదే మనిషి జీతం పరిపాలన ఖర్చు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరికైనా 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది అని పద్ధతి ఉంది. మా అకౌంటెంటు దగ్గర అటువంటి మెట్లు లేవు. నేను గదిలోకి అడుగుపెడితే చాలు, వరద నీరు గుమ్మం దాటినట్టు చూస్తాడు. మొన్న బీపీ మిషనుకు నాలుగు పెన్సిల్ సెల్లు కొన్నాము. "మేడమ్, ఇవి కార్యక్రమంలో రాయనా, పరిపాలనలో రాయనా?" అని అడిగాడు. పట్టీకి అంటుకునే గుణం పోయి, చేతికి చుట్టిన ప్రతిసారీ విడిపోతున్నది, ముందు అది చూడమన్నాను. అది మరమ్మతుల పద్దు అట, ఆ పద్దులో డబ్బు లేదట.

ఇక బ్యాంకు సంగతి. పేరెందుకు, అదొక బ్యాంకు. సంతకం మార్చాలంటే తీర్మానం కావాలన్నారు. తీర్మానం మీద తమరి ముద్ర పడాలన్నారు. ముద్ర వేసే హక్కు నాకున్నదని మరొక తీర్మానం కావాలన్నారు. నాలుగుసార్లు తిరిగాను. నాలుగోసారి ఆ కౌంటరు ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, నేను పెట్టిన రెండు సంతకాలనూ పక్కపక్కన పెట్టి చూసి, సంతకం కలవలేదుగాని ముద్ర మాత్రం చక్కగా కలిసిందని మెచ్చుకున్నాడు. తమరికి తెలిసిన విషయమే. ఆ సమయానికి తమరు నా చేతిసంచిలోనే ఉన్నారు.

పాలకవర్గ సమావేశం గురించి రాయడానికి ఏమీ లేదు. పకోడీలు బాగున్నాయి.

నిన్న ఆదివారం, తమరికి చెప్పకుండా, పాత బీపీ మిషను తీసుకుని పడవ ఎక్కి, గోదావరి మధ్యనున్న లంక ఊరికి వెళ్ళాను. రేవు దిగి కొబ్బరితోట దాటగానే మొదటి ఇల్లు ఒక ముసలమ్మది. పదేళ్ళుగా నేను చూస్తున్న మనిషి. "పెద్దాపీసరువయ్యేవంట కదమ్మా, ఇంక మా సెయ్యి పట్టుకోవనుకున్నాను" అంది. ఊడిపోయే పట్టీని నా ఎడమచేత్తో అదిమిపెట్టి చూస్తే 170, కింద 100. ఎన్నడూ 140 దాటనిచ్చే మనిషి కాదు. మాత్రలు వేసుకోవడం లేదా అని గదిమాను. అయిపోయి వారం దాటిందని, మన కార్యకర్త వచ్చిన ప్రతిసారీ "పైనుంచి రావాలి" అని చెప్పి వెళుతున్నదని అంది.

సాయంత్రం వచ్చి ఆఫీసు తీయించి చూశాను. మాత్రలు కొనవలసిన కాగితం నా బల్ల మీదే, ఎడమపక్క మూడో ఫైలులో, తొమ్మిది రోజులుగా ఉంది. నా సంతకం పడింది. దాని పక్కన ముద్ర కోసం వదిలిన జాగా ఖాళీగా ఉంది. ఆ తొమ్మిది రోజులూ తమరు నాతో బ్యాంకుకు తిరుగుతున్నారు. ఆ ఖాళీని చూసి కూడా సంతకం చాలు, కొనేయండి అని చెప్పగల డైరెక్టరు ఆ గదిలో ఒకరు ఉండవలసింది. నేను సంతకం చేసి, కాగితాన్ని ఫైలులో పెట్టి, రిక్షా ఎక్కాను. పదహారేళ్ళు "పైనుంచి రావాలి" అని ఊళ్ళలో చెప్పినప్పుడు ఆ పైన ఎవరుంటారో అనుకునేదాన్ని.

ఈ ఉదయం ముద్ర వేశాను. ప్యాడులో సిరా ఎండిపోయి సగమే పడితే, రెండు చుక్కల నీళ్ళు పోసి మళ్ళీ వేశాను. మాత్రలు మధ్యాహ్నం పడవకు వెళ్ళాయి.

నిన్నటి పడవ చార్జీకి రసీదు లేదు. అడిగితే, తన దగ్గర స్టాంపు లేదని పడవవాడు నవ్వాడు. దాన్ని ఏ పద్దులో రాయాలో అకౌంటెంటు తమరినే అడగమన్నాడు గనుక సెలవివ్వగలరు.

ఇట్లు,
తమ విధేయురాలు
(సంతకం ఇంకా బ్యాంకువారి పరిశీలనలో ఉన్నది)