కైలాసగిరి మీది తెలుగు మ్యూజియం గారికి, నల్లకుంట అల్లుడు రాయునది

మహారాజశ్రీ విశాఖపట్నం కైలాసగిరి తెలుగు మ్యూజియం గారి సముఖానికి, హైదరాబాద్ నల్లకుంట నుంచి మీ ఊరి అల్లుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. మా బంధువర్గం తరఫు నుంచి మీ ప్రశాంతతకి ఏనాడూ భంగం రాలేదు కాబట్టి క్షేమంగానే ఉండి ఉంటారు. ఉభయకుశలోపరి, మీకు ముందు ఒక క్షమాపణ చెప్పుకోవాలి. తర్వాత ఒక గొడుగు సంగతి మాట్లాడాలి.

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. పెళ్లయిన ఈ పదిహేనేళ్లలో మీ కొండ ఏడుసార్లు ఎక్కాను. మీ పక్క నుంచి ఎన్నిసార్లు నడిచి వెళ్లానో లెక్కలేదు. ఒకసారి మీ గోడ నీడన నిలబడి మా చిన్నోడికి షూ లేసు కట్టాను. ఇంకోసారి వాడి ఐస్‌క్రీమ్ నా చొక్కా మీద కారితే అక్కడే తుడుచుకున్నాను. మన పరిచయం అంతవరకే.

ఇందులో మీ తప్పేం లేదు. మా ఇంట్లో వైజాగ్ ప్రయాణానికి ఒక పద్ధతి ఉంది. దసరా సెలవులివ్వగానే నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్కుతాం. 2023 నుంచి ఎనిమిదిన్నర గంటల్లో దింపే వందే భారత్ ఉంది గానీ, మా మామగారి లెక్కలో 1974లో మొదలైన గోదావరే రైలు, మిగతావన్నీ బోగీలు. తెల్లారేసరికి అత్తగారిల్లు, పదింటికల్లా పెసరట్టు, సాయంత్రం నాలుగింటికి కైలాసగిరి. అల్లుడికి కొత్త బట్టలు పెట్టడం ఎలాగో, కైలాసగిరి చూపించడం కూడా అలాగే. నాకు చూడాలని ఉందో లేదో ఎవరూ అడగరు. మా బావమరిది కారు తాళాలు ఊపుకుంటూ వచ్చి, "బావగారూ, పదండి, సముద్రం చూద్దురుగాని" అంటాడు. హైదరాబాద్ వాళ్లం కదా. హుస్సేన్ సాగర్‌కి పేరులోనే తప్ప ఇంకెక్కడా సాగరం లేదు. కాబట్టి సముద్రం పేరెత్తితే కాదనలేం.

కొండ మీద 380 ఎకరాలు ఉన్నాయంటారు. మా కుటుంబం అందులో ఓ పావు ఎకరం వాడుకుంటుంది. నలభై అడుగుల శివపార్వతుల ముందు ఫొటోలకి ముప్పావుగంట పడుతుంది. ముందు అందరం, తర్వాత మేమిద్దరం, ఆ తర్వాత పిల్లలు, చివరికి "అమ్మా, నువ్వొక్కదానివీ నిలబడు" అంటే మా అత్తగారు. ఈలోగా ఎవరో ఒకరు కళ్లు మూసుకుంటారు కాబట్టి మళ్లీ మొదటి నుంచి. బొమ్మ రైలుకి ఒక క్యూ, మురీ మిక్చర్‌కి ఇంకో క్యూ. ఆ తర్వాత టైటానిక్ వ్యూ పాయింటు. ఓడ ముక్కులా కట్టారు బాగానే ఉంది, కానీ ఓడరేవు ఉన్న ఊళ్లో మునిగిపోయిన ఓడ పేరు పెట్టడం ఏమిటని మా మామగారికి మొదటి నుంచీ గుర్రు.

ఇక సముద్రం. మ్యూజియం గారూ, మీరు రోజూ చూస్తూనే ఉంటారు గదా, అక్కడికి వచ్చిన ప్రతివాడూ సముద్రానికి వీపు పెట్టి నిలబడతాడు. ఒక పక్క రుషికొండ, ఇంకో పక్క ఆర్కే బీచ్, ఆ చివర డాల్ఫిన్స్ నోస్ కొండ, తూర్పు కనుమలు సరాసరి నీళ్లలోకి దిగిపోయే చోటు. అంతటి దృశ్యానికి మా వీపులు తప్ప ముఖాలు చూసే యోగం లేదు. కిందటిసారి మా అమ్మాయి ఫోన్ పట్టుకుని, "డాడీ, సీ కనపడట్లేదు, మీరంతా కొంచెం పక్కకి జరగండి" అంది. జరిగాం. ఇంకా జరగమంది. చివరికి ఆ ఫొటోలో మా బావమరిది మోచెయ్యి, బోలెడంత సముద్రం వచ్చాయి. బాగోలేదని తీసేసింది.

ఈ పనులన్నీ అయ్యాక, చీకటి పడేముందు, ఎవరో ఒకరు మీ వైపు చెయ్యి చూపించి "అదేంటి?" అంటారు.

"తెలుగు మ్యూజియం."

"ఓహో."

ఈ ఓహో తర్వాత మావాళ్లు చెప్పే కారణాలు నాకు కంఠతా వచ్చు. పిల్లలకి బోర్ కొడుతుంది. వచ్చేసారి తీరిగ్గా చూద్దాం. అత్తగారికి మోకాళ్లు. ఒకసారి నేనే, "హైదరాబాద్‌లో మ్యూజియంలు లేవా ఏంటి, ఇంతదూరం వచ్చి ఇక్కడ చూడాలా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు మీకు క్షమాపణ చెప్తున్నాను. ఎందుకంటే హైదరాబాద్ మ్యూజియాల సంగతి మీకు తెలియదు, నాకు తెలుసు. సాలార్‌జంగ్ మ్యూజియానికి నేను వెళ్లిన ప్రతిసారీ నా వెనక వేరే ఊరి చుట్టాలున్నారు. చుట్టాలు లేకుండా సాలార్‌జంగ్‌కి వెళ్లిన నల్లకుంట మనిషిని నేనింతవరకు చూడలేదు. వెళ్లినా అక్కడ మా పని గడియారం ముందు కూర్చోవడం. గంట కాగానే చిన్న గడ్డపాయన లోపల్నుంచి వచ్చి టంగుటంగుమని కొడతాడు, అందరం చప్పట్లు కొట్టి లేస్తాం. మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మని ఒక చూపు చూసి బయటపడతాం. నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్ పక్కనే సైన్స్ మ్యూజియంలో తెలంగాణ గడ్డ మీద దొరికిన రాకాసిబల్లి అస్థిపంజరం నిలబెట్టారు. మా అబ్బాయి స్కూలు వాళ్లు తీసుకెళ్లారు కాబట్టి వాడు చూశాడు. నాకు స్కూలు అయిపోయింది.

గొడుగు సంగతి చెప్పాలంటే మా మామగారి సంగతి చెప్పాలి. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. మా అందరిలోకీ సముద్రం వైపు తిరిగి నిలబడేది ఆయనొక్కరే. దూరంగా లంగరేసి ఉన్న ఓడల్ని చూసి, ఏది ఖాళీగా వచ్చింది, ఏది నిండా ఉంది, నీళ్లలో ఎంత మునిగిందో చూసి చెప్పేస్తారు. 1933 అక్టోబరులో కొత్త రేవులోకి మొదట వచ్చిన ఓడ పేరు జలదుర్గ అని, ఎవరూ అడగకపోయినా, ఏటా చెప్తారు. కింద తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ సంగతి ఎత్తి, "2020లో వాయుగుండానికి లంగరు నిలవక వచ్చి పడిందండీ" అంటారు. దాన్ని రెస్టారెంటు చేస్తారని ఊరంతా అనుకున్నప్పుడు కూడా ఆయన, "ఓడలో వడ్డించడం ఏంటి, నడపాలి గానీ" అన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ కొండ మీది చెట్లు ఎలా పోయాయో చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తారు. మర్నాడు కింద నుంచి చూస్తే కొండ గుండు గీయించుకున్నట్టు ఉందట.

అలాంటి మనిషి కాబట్టి ఆకాశం నీలంగా ఉన్నా గొడుగు పట్టుకునే బయల్దేరతారు. మడతపడేది కాదు, వంకీ పిడి ఉన్న పాత నల్ల గొడుగు. అంచు మీద తెల్లదారంతో "ప.రా." అని మా అత్తగారు కుట్టారు. ఆ తరం వాళ్లకి గొడుగు మీద పేరు లేకపోతే అది పోయినట్టే లెక్క.

మొన్న దసరాకి ఏడోసారి వచ్చాం. మిక్చర్ బండి పక్కన బోర్డు మీద ఏముందో చదవమని తాతయ్య అడిగితే, మా నాలుగో తరగతి సుపుత్రుడు కూడబలుక్కుని, "వ... కో... డి. వకోడీ!" అన్నాడు. అందరం నవ్వాం. మా ఆవిడ ముద్దు కూడా పెట్టుకుంది. వాడికి ప, వ ఒకటే. "రెండూ సేమ్ కదా, ఒకదానికి కొంచెం నోరు తెరిచి ఉంటుంది, అంతే" అంటాడు. తెలంగాణలో బళ్లన్నిటిలో తెలుగు తప్పనిసరి అని 2018లో చట్టం వచ్చింది. చట్టం బడిలో ఉంది, తెలుగు పుస్తకంలో ఉంది, మావాడు ట్యాబ్‌లో ఉన్నాడు. మా అమ్మాయి నయం, తెలుగులో 92 మార్కులు. తాతయ్యకి ఓ ఉత్తరం రాయవే అంటే వాయిస్ మెసేజ్ పెడుతుంది. పకోడీకి నవ్వనిది మా మామగారొక్కరే.

సరిగ్గా అప్పుడే అల్పపీడనం దిగింది. వైజాగ్‌లో వాన సినిమాలోలా మెల్లగా మొదలవదు, సముద్రం మీద నుంచి నడుచుకుంటూ వచ్చి మీద పడుతుంది. మేం ఆరుగురం, గొడుగు ఒకటి. మామగారు ఆ గొడుగు అత్తగారి నెత్తిన పెట్టి మీ వైపు దారి తీశారు. అలా వచ్చాం మీ దగ్గరికి. భాషాభిమానంతో కాదు, తడవకుండా ఉండటానికి. అక్కడున్న వాళ్లలో చాలామంది మాలాంటి భాషాభిమానులే అని వాళ్ల తడి తలలు చూస్తే తెలిసింది.

లోపల మేమున్నది గంటన్నర. వాన తగ్గిన తర్వాత కూడా ఓ అరగంట ఉన్నామని మనవి. బయట టైటానిక్ దగ్గర మూగగా నిలబడ్డ మా మామగారు ఇక్కడ ఒక్కో బొమ్మ ముందూ ఆగి, మీరు చెప్పినదానికి తనది కూడా కలిపి చెప్పడం మొదలెట్టారు. కడప జిల్లా కలమళ్లలో క్రీస్తుశకం 575 నాటి రేనాటి చోళుల శాసనం దొరికిందని, పూర్తి తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో అది ఒకటని చెప్తుంటే మావాడు చెవులు రిక్కించాడు.

"అప్పుడు కూడా ఒత్తులున్నాయా తాతయ్యా?"

"ఉన్నాయిరా. ఇప్పుడు లేని అక్షరాలు కూడా ఉండేవి. నువ్వు లేటుగా పుట్టి బతికిపోయావు."

వాడు నిజంగానే ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ తర్వాత మామగారు నా వైపు తిరిగారు. "అల్లుడు గారూ, మీ ఊళ్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది కదండీ. నిజాం రాజ్యంలో, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావు గారూ, రావిచెట్టు రంగారావు గారూ వాళ్లు తెలుగు కోసం పెట్టిన లైబ్రరీ. సుల్తాన్‌బజార్లో. ఎలా ఉందండీ ఇప్పుడు?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ బొమ్మల వైపు చూసింది. సుల్తాన్‌బజార్ మాకు తెలియకపోవడం ఏంటి? మా పెళ్లి చీరల దగ్గర్నుంచి మొన్న బతుకమ్మకి కొన్న గాజుల దాకా అక్కడివే. ఏ షాపువాడు ఎంత తగ్గిస్తాడో చెప్పగలను. "బాగానే ఉందండీ" అన్నాను. ఆయన సంతోషించారు. మీ గోడల మధ్య నిలబడి తెలుగు గురించి చెప్పిన తొలి అబద్ధం నాదే అయితే మన్నించండి.

బయటికొచ్చేసరికి గుమ్మం దగ్గర గొడుగుల గుట్ట. మామగారు మావాణ్ణి పిలిచి, "మనది పట్టుకురా. ప.రా. అని ఉంటుంది, చూసి తే" అన్నారు. వాడు పరుగెత్తాడు. నల్ల గొడుగు, వంకీ పిడి, అంచున తెల్లదారం. విజయగర్వంతో పట్టుకొచ్చి తాతయ్యకి ఇచ్చాడు. ఆయన, "శెభాష్, చదివాడండీ" అని వాడి జేబులో వంద రూపాయలు పెట్టారు. ఆ రాత్రి స్టేషన్‌కి వెళ్లేటప్పుడు కూడా చినుకులు పడుతుంటే, "ఉంచండి బాబూ, ఈసారి వచ్చేటప్పుడు తెద్దురుగాని" అని ఆ గొడుగు నా చేతికిచ్చారు.

మర్నాడు నల్లకుంటలో బాల్కనీలో ఆరేశాను. టీ తాగుతూ చూస్తే అంచు మీద "వ.రా." అని ఉంది.

కుట్టు చాలా నీటుగా ఉంది. మా అత్తగారి కుట్టు కన్నా మేలు, ఈ మాట మనలో ఉండనివ్వండి. మావాణ్ణి పిలిచి చూపించాను. వాడు రెండు నిమిషాలు చూసి, "కరెక్టే కదా డాడీ, ప.రా." అన్నాడు. వంద రూపాయలు అప్పటికే ఖర్చయిపోయాయి.

కాబట్టి మ్యూజియం గారూ, మీ దగ్గరికి ఆ సాయంత్రం వ.రా. గారనే పెద్దమనిషి ఒకరు వచ్చారు. ప.రా. గారి గొడుగు వేసుకుని వెళ్లి ఉండాలి, లేదా తడుస్తూ వెళ్లి ఉండాలి. ఒకవేళ ఆయన వెతుక్కుంటూ మళ్లీ వస్తే, ఆయన గొడుగు నల్లకుంటలో భద్రంగా ఉందని, సంక్రాంతికి తెస్తానని చెప్పగలరు. ఈసారి కొండ మీద కొత్త అద్దాల వంతెన చూపిస్తానని మా బావమరిది ఫోన్ చేశాడు. వద్దు, ముందు మ్యూజియానికే వెళ్దాం అన్నాను. ఆ మాట మా మామగారి చెవిన పడింది. ఫోన్ తీసుకుని, "ఇన్నాళ్లకి మా ఇంటికి సరైన అల్లుడొచ్చాడండీ" అని మా ఆవిడతో అన్నారట. గొంతు కొంచెం వణికిందని చెప్పింది. గొడుగు సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
వ.రా. గారి గొడుగు కింద తలదాచుకుంటున్న
మీ నల్లకుంట అల్లుడు