ఆ దేశమే సిద్ధంగా లేదు

సువార్త సేవకని పరాయి దేశం వెళ్లే కుర్రాళ్ల మీద ఒక అపవాదు ఉంది. ఏమీ తెలుసుకోకుండా, ఏ సిద్ధపాటూ లేకుండా ఊడిపడతారని. ఇంతకన్నా అన్యాయం లేదు. వాళ్లు ఉపవాసాలున్నారు, వాక్యాలు కంఠతా పట్టారు, వీడ్కోలు కూడికలో సంఘ పెద్దలంతా వరసగా వచ్చి తలమీద చెయ్యి పెట్టి, దువ్విన జుట్టు చెదిరిపోయేదాకా ప్రార్థించి పంపారు. మరి అవతలి దేశం ఏం చేసింది? ఒక్క పూటైనా పస్తు ఉందా? రాబోయేవాడి కోసం కనీసం ఒక క్రియాపదమైనా సులువు చేసి పెట్టిందా? విమానం దిగేసరికి అక్కడ ఎవరి పనుల్లో వాళ్లున్నారు. తప్పెవరిదో నిష్పాక్షికంగా తేల్చడానికే ఈ వ్యాసం. తప్పు ఆ దేశానిదే.

ముందు భాష సంగతి. బాబెలు గోపురం దగ్గర భాషలన్నీ తారుమారు చేసిన కార్యాలయమూ, సర్వలోకానికీ వెళ్లి ప్రకటించండని ఉత్తర్వు పంపిన కార్యాలయమూ ఒకటే. ఈ రెండు ఫైళ్లనూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూసినట్టు లేదు. పెంతెకొస్తు పండగ నాడు ఒక్కసారి మాత్రం, శిష్యులకు నేర్చుకోని భాషలు నోటికి తెప్పించి, ఈ చిక్కును పొద్దున్న తొమ్మిదింటికల్లా తీర్చేశారు. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో వేళతో సహా నమోదై ఉంది. ఆ సౌకర్యాన్ని తర్వాతి బ్యాచ్‌లకు కొనసాగించలేదు. అందుకే మన కుర్రాడు మూడు నెలలుగా భూతకాలంతో కుస్తీ పడుతున్నాడు. సృష్టి గురించి చెప్పాలంటే భూతకాలం లేనిదే కుదరదు. అది రాక వర్తమానంతోనే నెట్టుకొస్తున్నాడు: దేవుడు వెలుగు చేస్తున్నాడు, దేవుడు ఆకాశం చేస్తున్నాడు, దేవుడు చేపలు చేస్తున్నాడు. వినేవాళ్లు పాపం, పని ఇంకా సాగుతున్నట్టుంది, పూర్తయ్యాక వద్దువుగానిలే అని పంపించేస్తున్నారు.

పైగా తప్పు మాట్లాడితే వెంటనే చెప్పి చావరు. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ అనే కేథలిక్ మిషనరీ జపాన్‌లోని కగోషిమాలో దిగాడు. దేవుణ్ని అక్కడి భాషలో ఏమనాలి అంటే, దుబాసీగా ఉన్న అంజిరో 'దైనిచి' అన్న మాట అందించాడు. జేవియర్ దైనిచికి మొక్కండని చాటడం మొదలుపెట్టాడు. బౌద్ధ సన్యాసులు బహు బాగా ఆదరించారు. ఆదరించరా మరి? దైనిచి అంటే వాళ్ల షింగోన్ శాఖ కొలిచే మహావైరోచన బుద్ధుడు. ఇన్ని సముద్రాలు దాటి వచ్చి ఒకాయన మన బుద్ధుణ్నే మనకు ప్రకటిస్తానంటే కాదనేదెవరు! సంగతి తెలిశాక ఆయన నాలుక్కరుచుకుని, దైనిచికి మొక్కొద్దు అని చాటించి, లాటిన్ మాట 'దేవుస్'కు మారాడు. గిట్టనివాళ్లు దాన్ని 'దై ఉసో' అని పలికారు. ఆ భాషలో పెద్ద అబద్ధం అని అర్థం. ఇన్ని జరిగినా ఆయన పునీతుడయ్యాడు. మన కుర్రాడు బస్సు కండక్టర్ని 'అమ్మా' అని పిలిచి, ఆ మీసాల కండక్టరు నవ్వినందుకే రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు.

1706లో తమిళ తీరంలోని డేనిష్ స్థావరం తరంగంబాడిలో దిగిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ కాస్త లౌక్యుడు. ఇరవై నాలుగో ఏడు నడుస్తున్న మనిషి, సిగ్గుపడకుండా వెళ్లి బడిపిల్లల పక్కన కూర్చుని ఇసకలో వేలితో తమిళ అక్షరాలు దిద్దాడు. రెండేళ్లకు అక్కడి డేనిష్ అధికారి ఆయన్ను జైల్లో వేయించాడు. దస్తూరీ బాగాలేదని కాదు లెండి, ఆ గొడవ వేరు.

ఇక హోదా. లేటర్ డే సెయింట్స్ అని ఒక సంఘం ఉంది, మోర్మన్లు అంటే చాలామందికి తెలుస్తుంది. 2012 నుంచి వాళ్ల మగపిల్లలు 18 ఏళ్లకే సేవకు బయల్దేరవచ్చు, రెండేళ్ల గడువు. బయల్దేరగానే చొక్కా మీది పేరుకు ముందు 'ఎల్డర్' అని చేరుతుంది. ఎల్డర్ అంటే పెద్ద. గడ్డం ఇంకా ఒక పక్కే వచ్చిన పెద్ద. ఎప్పుడూ జంటగా తిరగాలి, ఆ జోడీ ఎవరన్నది పైవాళ్లే కుదురుస్తారు. గురక పెట్టేవాడూ, గురక పడనివాడూ ఒకే గదిలో పడడం దైవ నిర్ణయమే అయ్యుండాలి. ఇంత కచ్చితంగా కుదర్చడం మనుషుల వల్ల కాదు.

అలాంటి పెద్ద ఒకరు మొదటి వారం బట్టల కోసమని ఒక సీసా కొన్నారు. మీద నురగ బొమ్మ ఉంది, పక్కనే పువ్వు ఉంది, ఇంకేం కావాలి. రెండు వారాలు అందులోనే నానబెట్టి ఉతికారు. చొక్కాలు మెత్తగా, ఘుమఘుమలాడుతూ, పట్టుకుంటే చేతిలోంచి జారిపోయేలా తయారయ్యాయి. మూడో వారం జోడీ కనిపెట్టాడు, అది తలకు రాసుకునేదని. లోకమంతా నవ్వుతుంది గానీ, సీసా మీద కనీసం ఒక చొక్కా బొమ్మ వేయడం చేతగాని దేశం తన ఆత్మను ఏం రక్షించుకుంటుందో ఎవరైనా ఆలోచించారా? ఈ సంఘంలో ఇదివరకు ఇంటికి ఫోన్ చేయడం ఏడాదికి రెండుసార్లే, 2019 నుంచి వారం వారం చేసుకోనిస్తున్నారు. దీనివల్ల సేవకు జరిగిన నష్టం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. తల్లి ఎంతమంది మారారని అడగదు. ఆ చొక్కా ఎందుకలా మెరుస్తోందిరా అంటుంది.

ఇక దాతల సొమ్ముతో వెళ్లినవాళ్లకు, ఆ దాతలకు నెలనెలా లేఖ రాసే పని ఒకటి ఉంటుంది. 'ఈ నెల దేవుడు అనేకమైన తలుపులు తెరిచాడు' అని అందులో ఒక వాక్యం ఉండాలి. అది అబద్ధమని ఎవరూ అనలేరు. దేవుడు తెరిచిన మాట నిజమే. మూసింది ఇంటివాళ్లు. చేర్చుకోని ఇంటి ముందు పాదధూళి దులిపి రమ్మని మత్తయి సువార్తలో ఉంది గానీ, ఆ మాట చెప్పేనాటికి అపార్టుమెంట్లు లేవు. ఐదో అంతస్తులో దులిపితే అది నాలుగో అంతస్తువాళ్ల ఆరేసిన దుప్పటి మీద పడుతుంది. దాంతో ఆ తలుపూ పోతుంది.

దాతలు ఫలం అడుగుతారు. అడగనీయండి, లెక్క చెబుదాం. విలియం కేరీ 1793లో బెంగాల్ చేరితే అక్కడివాడొకడికి తొలి బాప్తిస్మం 1800 చివర్లో. రాబర్ట్ మోరిసన్ 1807లో చైనా వెళితే తొలి బాప్తిస్మం 1814లో. అదొనిరామ్ జడ్సన్ 1813లో రంగూన్‌లో దిగితే మొదటి మనిషి 1819లో. వెరసి ముగ్గురు మహానుభావులకు 20 ఏళ్లు, ముగ్గురు మనుషులు. ఈ దామాషాలో రెండేళ్ల కుర్రాడి వాటా 0.3 మనిషి. ఆ పాయింట్ మూడు ఎవరన్నదే మిగిలిన ప్రశ్న.

నా ఉద్దేశంలో ఆమె మూడో అంతస్తు ముసలమ్మ. ఒక మంగళవారం తలుపు తీసింది, మళ్లీ వేయలేదు. కుర్రాడు ఆనందంతో ఉక్కిరిబిక్కిరై, యోహాను సువార్త 3:16 ఆమె భాషలో అందుకున్నాడు. దేవుడు లోకాన్ని ఎంతో ప్రేమిస్తున్నాడు... ఆమె వేలెత్తి ఆపింది. క్రియ దగ్గర ఆపింది. తను ఒకసారి పలికి, నువ్వు అను అన్నట్టు గడ్డం ఎగరేసింది. అన్నాడు. తల అడ్డంగా ఊపింది. మళ్లీ అన్నాడు. ఆరోసారికి గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చి, గుమ్మంలో పీట వేసి, పదకొండోసారికి సరే అన్నట్టు కళ్లు మూసి తెరిచింది. 'ప్రేమించెను' దాటి వాక్యం ఆ రోజు ముందుకు సాగలేదు. వచ్చే మంగళవారం రమ్మంది, పుస్తకం తెచ్చుకోమంది.

ఆ నెల లేఖలో అతను రాశాడు: 'ఒక వృద్ధ సహోదరి వాక్యాన్ని అత్యంత శ్రద్ధతో వింటున్నది. ఒక్కో మాట దగ్గర ఆగి, మళ్లీ మళ్లీ చెప్పించుకుంటున్నది. ఆమె కోసం భారంతో ప్రార్థించండి.' లేఖ అందిన సంఘమంతా మోకాళ్ల మీదే ఉంది. అక్కడ ఆమె కూడా ఊరుకోలేదు. పై అంతస్తుకూ కింది అంతస్తుకూ చెప్పింది: కుర్రాడు బుద్ధిమంతుడే, భూతకాలమే పట్టుబడడం లేదని. ఇప్పుడు ఆ మెట్ల పొడుగునా ఎవరి దేవుడికి వాళ్లు అతని కోసం మొక్కుకుంటున్నారు.