సుబ్బారావు డిపాజిట్

సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్ పరీక్ష. టర్బో సీ నీలం తెర ముందు కూర్చున్న మా పక్క సిస్టమ్ వాడికి బ్యాంకు డిపాజిట్ ప్రోగ్రాం పడింది. సొమ్ము లక్ష, గడువు నాలుగేళ్ళు, ఖాతాదారు సుబ్బారావు. అక్కడ పూర్ణసంఖ్యలు దాచే ఇంట్ అంటే రెండే బైట్లు, 32767 దాటితే పట్టదు. అది తెలిసినవాడే గనక సొమ్ముని నాలుగు బైట్ల లాంగ్‌లో పెట్టాడు. ఆ తెలివి అక్కడితో అయిపోయింది. తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి తిరిగిన అలవాటు కొద్దీ పర్సెంట్ డీ, పర్సెంట్ డీ, పర్సెంట్ ఎస్ అని కొట్టేశాడు. డీ అంటే ఇంట్, ఎస్ అంటే పేరులాంటి అక్షరాల వరస.

కంపైలర్ కిమ్మనలేదు. ఎర్రర్లు సున్నా, వార్నింగులు సున్నా. సార్‌ని పిలిచి మరీ రన్ చేశాడు.

సొమ్ము -31072. గడువు 1. పేరు ఉండాల్సిన చోట టర్బో సీ చేసిన బోర్లాండ్ వాళ్ళ కాపీరైట్ ముక్క.

"మైనస్ ఏమిటోయ్?"

"ఓవర్‌డ్రాఫ్ట్ సార్."

"డిపాజిట్‌లోనా! మరి ఈ బోర్లాండ్ ఎవరు?"

"కంపెనీ అకౌంట్ సార్."

మాకు నవ్వు ఆగడం లేదు, సార్ మొహంలో మాత్రం చలనం లేదు. రికార్డు వెనక అట్ట తిప్పి పెన్సిల్‌తో గళ్ళు గీశారు. తనకి పంపినవి ఏ రకమో ప్రింట్‌ఎఫ్ చూసుకోదు, కోట్స్ మధ్య ఏం రాస్తే అదే వేదం. లక్షకి నాలుగు బైట్లు. మొదటి డీ కింది రెండింటినే లాక్కుంది. అందులో ఉన్నది 34464, 32767 దాటింది గనక ప్లస్-మైనస్ గుర్తుతో చదివితే 65536 తగ్గి -31072. పై రెండింట్లో మిగిలిన ఒకటిని రెండో డీ గడువనుకుంది. అసలు గడువు నాలుగు పోయి ఎస్ చేతిలో పడింది. ఎస్ దాన్ని అడ్రసనుకుని ప్రోగ్రాం డేటా ఉండే మెమరీ ముక్కలో (డేటా సెగ్మెంట్) నాలుగో అడ్రసుకి వెళ్ళి తలుపు తట్టింది. అక్కడ కాపురముండేది ఆ కాపీరైటే! గడువు ఐదేళ్ళిచ్చి ఉంటే దాని మొదటి అక్షరం ఎగిరిపోయేది. సుబ్బారావు వంతు రానేలేదు.

ఇప్పటి జీసీసీ కంపైలర్‌కి వాల్ (-Wall) అనే వార్నింగుల ఆప్షన్ తగిలిస్తే ఇలాంటివాటికి ముందే గోల పెడుతుంది, వినే నాథుడుంటే.

మావాడు మొదటి డీకి ముందు లాంగ్ అని చెప్పే ఎల్ చేర్చాడు. లక్ష వచ్చింది, నాలుగొచ్చింది, సుబ్బారావూ వచ్చాడు.

సార్ మార్కుల షీటు తీస్తూ అడిగారు: "మరి కంపెనీ అకౌంట్ ఏమైనట్టు?"

"క్లోజ్ చేసేశారు సార్."