సవరణ: సమానమైనవి వడ్డించిన కేలరీలే

అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం గురించి ఇటీవల పెట్టిన పోస్టులో "సమానంగా కేలరీలు తిన్నా, ప్యాకెట్ ఆహారం తిన్నవారే బరువు పెరిగారు" అని రాశాను. అది తప్పు. అప్పట్లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయన పత్రంలో ఉన్నది వేరు.

అక్కడ సమానంగా ఉన్నవి వడ్డించిన కేలరీలు, తిన్నవి కావు. 20 మందికి రెండు వారాలు అతిగా ప్రాసెస్ చేసిన భోజనం, మరో రెండు వారాలు పెద్దగా ప్రాసెస్ చేయని భోజనం పెట్టారు. చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింటిలోనూ సరితూగేలా చూశారు. తినాలనిపించినంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన భోజనం పెట్టినప్పుడు అదే మనుషులు మరింత వేగంగా తిన్నారు, రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. బరువు దాదాపు 0.9 కిలో పెరిగింది. రెండో రకం భోజనంతో దాదాపు అంతే తగ్గింది. అంటే ఆహారం తీరు మన చేత ఎంత తినిపిస్తుందన్నదే ఇక్కడ అసలు సంగతి. నా పోస్టు చూసి కేలరీల లెక్క అనవసరమని అనుకున్నవారు దయచేసి ఆ అభిప్రాయం మార్చుకోండి.

ఆ పోస్టులోనే మాంసకృత్తుల గురించి రాసింది మాత్రం సరైనదే. వాటి శక్తిలో 20 నుంచి 30 శాతం అరుగుదలకే ఖర్చవుతుంది, కొవ్వులో ఆ ఖర్చు 3 శాతం దాటదు. బాదం సంగతీ అంతే: 28 గ్రాముల్లో లెక్క ప్రకారం 170 కేలరీలున్నా ఒంటికి దక్కేవి 129 అని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2012లో తేల్చారు. నమిలినా చితకని కణాల్లో చిక్కుకున్న కొవ్వు అరగకుండానే బయటకు పోతుంది.