60 డిగ్రీల భయం, ఎయిర్ కూలర్ వైద్యం

ఎండలు మొదలైతే చాలు, విశాఖలో సొంతంగా పీసీ బిల్డ్ చేసుకున్న వారందరి ఫోన్లలోకీ ఒకే వాట్సాప్ సందేశం వచ్చి వాలుతుంది. ప్రాసెసర్ 60 డిగ్రీలు దాటితే కాలిపోవడం ఖాయమట. అసలైన ఉష్ణోగ్రత బయాస్‌లోనే, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలోనే, కనిపిస్తుందట. పనేమీ లేనప్పుడు అంకె ఎగిరిపడితే వైరస్ చేరినట్టేనట. ప్రాసెసర్‌కూ, దాని మీద బిగించి వేడిని లాగేసే హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టును మూడు నెలలకోసారి మార్చాలట. అన్నిటికీ మించి, పీసీ క్యాబినెట్ పక్క పలకను (సైడ్ ప్యానెల్) ఊడదీసి ఎదురుగా ఎయిర్ కూలర్ పెట్టాలట. పంపేవారిలో ఇంజినీరింగ్ చదివిన మిత్రులు కూడా ఉండటం వల్ల, ఇక మర్యాదకు ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

ముందుగా ఆ 60 సంగతి. ఏ ప్రాసెసర్ ఎంత వేడి వరకు పనిచేయగలదో తయారీదారే తన వెబ్‌సైటులో ప్రకటిస్తాడు. ఏఎండీ రైజెన్ 5 7600ఎక్స్‌కు 95 డిగ్రీలు, రైజెన్ 7 7800ఎక్స్‌3డీకి 89, ఇంటెల్ కోర్ ఐ5-13600కేకు 100. ఆ హద్దు చేరగానే చిప్ తన వేగాన్నీ వోల్టేజినీ తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి ఆగకపోతే యంత్రాన్నే ఆపేస్తుంది. 2022లో రైజెన్ 7000 శ్రేణిని విడుదల చేసినప్పుడు, పూర్తి భారం మీద 95 దగ్గర నిలవడం తాము ఉద్దేశించిన తీరేనని ఏఎండీ చెప్పింది కూడా. హీట్‌సింక్ తీస్తే క్షణాల్లో మాడిపోయిన 2001 నాటి ఏఎండీ అథ్లాన్ ప్రాసెసర్ల కాలంలో ఈ భయానికి అర్థం ఉండేది. ఆ చిప్‌లు పోయి చాలాకాలమైనా భయం మాత్రం ఫార్వర్డ్ అవుతూనే ఉంది.

పైగా హీట్‌సింక్ ఎంత ఖరీదైనదైనా, ద్రవంతో చల్లబరిచేదైనా, గదిలోని గాలి కంటే చల్లగా చిప్‌ను ఉంచలేదు. జనవరి రాత్రి 24 డిగ్రీల గదిలో 70 చూపిన యంత్రం, మే నెల మధ్యాహ్నం 34 డిగ్రీల గదిలో అదే పనికి దాదాపు 80 చూపుతుంది. అందులో చెడిపోయినదేమీ లేదు, ఎండాకాలం వచ్చిందంతే. కాబట్టి చిప్ హద్దు ఎంత, గది వేడి ఎంత, అప్పుడు నడుస్తున్న పనేమిటి అన్న మూడూ చెప్పకుండా "నాది 78 వస్తోంది, ప్రమాదమా?" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి, ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే సినీబెంచ్ పరీక్షను పది నిమిషాలో, మీరు రోజూ ఆడే ఆటను అరగంటో నడిపి, గరిష్ఠ ఉష్ణోగ్రతతో పాటు థర్మల్ థ్రాట్లింగ్ (వేడి వల్ల చిప్ వేగం తగ్గించుకోవడం) జరిగిందా, వేగం బేస్ క్లాక్ కంటే, అంటే తయారీదారు ప్రకటించిన కనీస వేగం కంటే, కిందికి పడిందా అన్నవి చూడండి. వేడి హద్దుకు చేరి వేగం బేస్ కిందికి పడుతున్నా, ఖాళీగా ఉన్నప్పుడే 70 దాటి దిగకపోయినా, ఆట మధ్యలో యంత్రం దానంతట అదే ఆగిపోతున్నా ఆందోళన పడవలసిందే.

బయాస్‌లో ఉన్నంతసేపూ ప్రాసెసర్ సాధారణంగా విద్యుత్తును ఆదా చేసే స్థితిలోకి పోదు, భారీ పనీ చేయదు. కనుక అక్కడి అంకె దేనికీ కొలమానం కాదు. క్షణంలో 15 డిగ్రీలు ఎగిరిందంటారా, వైరస్ రాలేదు, మీరు బ్రౌజర్ తెరిచారు.

ఇక ఎయిర్ కూలర్. ఈ సలహా ఎవరిదో గానీ, వారు సముద్రం ముఖం చూసి ఉండరు. నీరు ఆవిరైతేనే కూలర్ గాలి చల్లబడుతుంది కనుక అది నాగపూర్ వంటి పొడి ఊళ్ళలో అద్భుతంగా పనిచేస్తుంది. తేమ తరచుగా 70 శాతానికి పైనే ఉండే విశాఖలో అది చల్లబరిచేది బహు స్వల్పం, క్యాబినెట్‌లోకి పంపే తేమ మాత్రం పుష్కలం, ప్యాడ్ల నుంచి ఎగిరే తుంపర అదనం. దీనికి తోడు మన గాలిలో ఉప్పు ఉంది. లాసన్స్ బే కాలనీలో బాల్కనీ గ్రిల్లుకు ఎన్నిసార్లు రంగు వేయవలసి వస్తుందో అక్కడివారిని అడగండి. ఆ ఉప్పు దుమ్ముతో కలిసి మదర్‌బోర్డు మీద పేరుకుంటుంది, గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని పీల్చుకుని తానే ద్రావణంగా మారుతుంది, ఆ ద్రావణం గుండా కరెంటు పారుతుంది. ర్యామ్ స్లాట్లూ కనెక్టర్లూ తుప్పు పట్టాక వారంటీ కోసం తీసుకెళితే, తేమ వల్ల వచ్చిన నష్టమని చెప్పి వెనక్కి పంపడానికి ఏ సర్వీస్ సెంటరైనా వెనుకాడదు. 80 డిగ్రీల వద్ద నిశ్చింతగా పనిచేస్తున్న చిప్‌ను కాపాడటానికి దాని చుట్టూ ఉన్నవన్నీ బలి ఇవ్వమంటున్న ఈ సందేశం, వచ్చే వేసవికి నేరుగా బకెట్‌తో నీళ్ళు పోయమంటుందేమో చూడాలి.

అయితే సైడ్ ప్యానెల్ తీయమన్న మాటలో సందేశకర్తకే తెలియని మేలు ఒకటి ఉందని ఒప్పుకుంటాను. దానిని చికిత్సగా కాక పరీక్షగా వాడండి. ఒకే పనిని మూసి ఒకసారి, తెరిచి ఒకసారి నడిపితే, తెరిచినప్పుడు 8, 10 డిగ్రీలు తగ్గిందంటే తప్పు గాలి ఆడని క్యాబినెట్‌దే; ముందంతా గాజు పలకతో మూసేసిన అందమైన క్యాబినెట్లకు ఈ జబ్బు ఎక్కువ. ఏమీ తగ్గకపోతే హీట్‌సింక్ బిగింపును అనుమానించాలి. పని మొదలుపెట్టగానే అంకె 95కు చేరి, హీట్‌సింక్ రెక్కలు మాత్రం చేతికి చల్లగా తగులుతుంటే, వేడి అక్కడి దాకా రావడమే లేదు. స్క్రూలు ఒకవైపే బిగిశాయేమో, అడుగున అంటించి వచ్చిన ప్లాస్టిక్ పొర తీయనే లేదేమో చూడండి.

థర్మల్ పేస్టు సంవత్సరాల తరబడి పనిచేస్తుంది. హీట్‌సింక్ ఊడదీసినప్పుడు మార్చితే చాలు. మూడు నెలల నియమం వల్ల బాగుపడేది పేస్టు అమ్మేవారే.

మే నెలలో గంటల కొద్దీ వీడియోలు రెండర్ చేసేవారికి చిప్ 95 దగ్గరే నిలవడం నచ్చకపోతే, 105 వాట్ల రైజెన్‌ను బయాస్‌లో తక్కువ విద్యుత్తుతో నడిచే 65 వాట్ల ఎకో మోడ్‌లో పెట్టుకోవచ్చు. ఇంటెల్‌లోనైతే పవర్ లిమిట్లు (చిప్ వాడుకోగల విద్యుత్తు హద్దులు) తగ్గించుకోవచ్చు. వేగం కొద్దిగానే తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది, గదిలో ఉక్క కూడా తగ్గుతుంది. ఈ చివరి లాభం పెద్ద హీట్‌సింక్ కొన్నా రాదు. అది చిప్‌ను చల్లబరుస్తుందే తప్ప, చిప్ తాగే వాట్లన్నీ చివరికి గదిలోకే వస్తాయి.