శరణార్థి గారూ, ఇంటిపన్ను రసీదు తెచ్చారా?

ప్రాణభయంతో దేశం విడిచి పారిపోయే సోదర సోదరీమణులకు బెజవాడ గ్రంథాలయాభిమానిగా నాదొక విన్నపం. బయల్దేరే హడావుడిలో ఏది మరిచిపోయినా ఫరవాలేదు, ఇంటిపన్ను రసీదు మాత్రం మూటలో కట్టుకోండి. అది లేకపోతే, పూచీకత్తు సంతకం పెట్టడానికి ఈ ఊళ్ళో సొంతిల్లున్న పెద్దమనిషిని వెంటబెట్టుకు రండి. గెజిటెడ్ అధికారి అయితే మరీ శ్రేష్ఠం. మా పేట గ్రంథాలయంలో పుస్తకం ఇంటికివ్వాలంటే పద్ధతి ఇదే మరి.

కొందరు విదేశాలు చూసొచ్చి మనకు పాఠాలు చెబుతున్నారు. టెల్ అవీవ్‌లో 2009లో శరణార్థుల కోసం, వలస కూలీల కోసం లెవిన్‌స్కీ పార్కులో ఓ గ్రంథాలయం పెట్టారట. గోడల్లేవు, తలుపు లేదు. పుస్తకాలను చదివినవాళ్ళకు ఏమనిపించిందో దాన్నిబట్టి సర్దుతారట: నవ్వొచ్చినవి ఒకచోట, విసుగొచ్చినవి ఒకచోట. మన దగ్గర ఆ పద్ధతి పెడితే విసుగు అర ఒక్కదానికే మేడమీద మరో హాలు కట్టించాలి. 2014లో బురుండీలోని కాంగో శరణార్థుల శిబిరాలకు 'ఐడియాస్ బాక్స్' అని ఓ పెట్టె పంపారు. పుస్తకాలు, కంప్యూటర్లు, సినిమా తెర అన్నీ అందులోనే, 20 నిమిషాల్లో విప్పి నిలబెట్టొచ్చట. ఆ 20 నిమిషాలూ మాకు బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో వాకబు చేయడానికే చాలవు.

అయినా ఆశ్రయమివ్వడం మాకు కొత్తా? మే నెల ఎండకు తాళలేక వచ్చినవాళ్ళు, హాస్టల్ గదిలో చోటు చాలని గ్రూప్-2 కుర్రాళ్ళు, ఇంట్లో టీవీ సీరియళ్ళను తప్పించుకొచ్చిన రిటైరైన మాస్టార్లు అందరూ మా ఫ్యాను కిందే ఉన్నారు. వీళ్ళలో ఎవరినీ మేం కాగితాలడగలేదు. మా పుస్తకాలు ముట్టుకోనంతకాలం అడగం కూడా.

నిజం శరణార్థులు ఈ ఊరికెందుకొస్తారని మీరనొచ్చు. ఏటా వస్తూనే ఉన్నారండీ. 1959లో దలైలామా వెంట, ఆ తర్వాతా మన దేశానికొచ్చిన టిబెటన్ల పిల్లలూ మనవలూ చలికాలంలో ఇక్కడ స్వెటర్లమ్ముతారు. బెజవాడలో చలికాలమంటే ఫ్యాను ఒక పాయింటు తగ్గించడమే అయినా, మనమూ మర్యాదకి కొంటాం. వాళ్ళను నేపాలీలని పిలిచి, రెండొందలు తగ్గించమంటాం. సాయంత్రం కొట్టు కట్టేశాక చదువుకోడానికి టిబెటన్ పుస్తకం ఒక్కటైనా ఉందా అని వాళ్ళు మమ్మల్ని అడగలేదు. పాఠకుడు అడగందే పుస్తకం తెప్పించం. సభ్యుడు కానివాడు పాఠకుడు కాడు. సభ్యుడు కావాలంటే పైన చెప్పిన రసీదు.

అసలు దరఖాస్తులో 'శరణార్థి' అనే గడే లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒడంబడిక మీద దేశమే సంతకం పెట్టలేదు, గ్రంథపాలకుడు పెడతాడా?

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది కదా, అద్దెకున్నవాడు కట్టే అద్దెలో అదీ ఉన్నట్టే కదా అని ఒక లాయరు మిత్రుడు లా పాయింటు తీశాడు. ఉంది. కాకపోతే ఎన్నో ఊళ్ళలో ఆ సెస్సే దారితప్పి, గ్రంథాలయ సంస్థకు చేరకుండా మునిసిపాలిటీ ఖాతాలో తలదాచుకుంటోంది. ముందు దానికి పునరావాసం కల్పించాలి.

పూర్వం మనవాళ్ళు చాలా చేశారని చెప్పేవాళ్ళూ ఉన్నారు. 1911లో ఇక్కడ రామమోహన గ్రంథాలయం పెట్టారు, 1914లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్ళందరినీ ఇదే ఊళ్ళో సభకు కూడగట్టారు. 1935లోనైతే ఏకంగా పడవలోకి పుస్తకాలెక్కించి కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ వెంట ఊళ్ళకు పంపారు. గట్టు మీదున్న మనిషి దగ్గరికి పుస్తకమే పడవెక్కి పోవడమేమిటి! ఆ తరానికి ఆవేశమే తప్ప పరిపాలనానుభవం లేదు. ఇప్పుడు మనుషులే పడవలెక్కి ప్రాణాలరచేత పట్టుకొని వేరే దేశాల ఒడ్డుకు చేరుతుంటే, ముందు డిపాజిట్ సంగతి తేల్చుకోవడమే విజ్ఞత.

చిరునామా రుజువు లేకుండా కార్డిచ్చే గ్రంథాలయాలు కూడా ఉన్నాయట. పొద్దున ఒకచోట, రాత్రి ఒకచోట ఉండేవాడు మా పుస్తకం పట్టుకుపోతే ఎక్కడని వెతకడం? అదే మా కాలనీ పెద్దలైతే ఆ బెంగ లేదు. పూచీకత్తులతో, రసీదులతో వాళ్ళు తీసుకెళ్ళిన మహాభారతం సంపుటాలు ఎవరింట్లో, ఏ షోకేసులో, ఏ బొమ్మ పక్కన ఉన్నాయో మాకు ఏళ్ళ తరబడి కచ్చితంగా తెలుసు.